‘హోర’ మనదా, గ్రీకుదా?

పంచాంగంలో గురు హోర, శుక్ర హోర అని చూస్తుంటాం కదా. ‘అహోరాత్రం’లో తలా తోకా తీసేస్తే మిగిలిందే ‘హోర’ అని మా నాన్నగారు చెప్పేవారు. నిజమేనా? ఇంగ్లీషు ‘అవర్’తో పోలిక కాకతాళీయమేనా?

*

మీ నాన్నగారిది గట్టి ఆధారమేనండీ. ఆరో శతాబ్దంలో వరాహమిహిరుడు బృహజ్జాతకంలో ఈ వ్యుత్పత్తి చెప్పాడు. అయితే ‘ఏకే’, అంటే కొందరు ఇలా అంటారు అన్నాడు. బృహత్సంహితలోనేమో, యవనులు, అంటే గ్రీకులు, మ్లేచ్ఛులే అయినా ఈ జ్యోతిషశాస్త్రం వారి దగ్గర చక్కగా ఉంది కాబట్టి ఋషులలా పూజలందుకుంటున్నారని రాశాడు. గ్రీకులో ‘హోరా’ అంటే ఋతువు, వేళ, గంట. ‘అవర్’, ‘హారోస్కోప్’ అక్కడివే. మన హోరా అక్కడిదే. తలా తోకా కోసుకుంటూ పోతే ఏ మాటలోంచి ఏ మాటైనా పుడుతుంది!

అసలు రుచి వారాల వరుసలో ఉంది. గ్రహాలను నెమ్మదిగా నడిచేవాటితో మొదలుపెట్టి పేర్చండి: శని, గురుడు, కుజుడు, రవి, శుక్రుడు, బుధుడు, చంద్రుడు. రోజుకు 24 హోరలు, ఈ వరుసలోనే ఒక్కో గ్రహానికి ఒక్కోటి. శనివారం మొదటి హోర శనిది. మూడు చుట్లు తిరిగేసరికి 21 అయిపోతాయి. 22వది మళ్ళీ శనిది, 23 గురుడిది, 24 కుజుడిది. తెల్లవారితే రవి వంతు, కనుక ఆదివారం. ఇలాగే సోమవారం, మంగళవారం. వేళ్ల మీద వేసి చూడండి, ఎక్కడా తప్పదు.

రోమన్ చరిత్రకారుడు కాసియస్ డియో మూడో శతాబ్దంలో ఈ లెక్కతోపాటు సంగీతం లెక్క కూడా ఇచ్చాడు. పై వరుసలో శనితో కలిపి లెక్కిస్తే నాలుగోది రవి, రవి నుంచి నాలుగోది చంద్రుడు. మన షడ్జమం నుంచి మధ్యమానికి ఉన్నంత దూరం అన్నమాట. గ్రహాల నడకలో స్వరాలున్నాయన్నది పైథాగరస్ అనుయాయుల నమ్మకం. ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ కూడా దాన్ని వదలలేదు. గ్రహాల వేగాలకు స్వరాలు కట్టిన ఆయన 1619 నాటి గ్రంథంలోనే గ్రహగతుల మూడో నియమమూ ఉంది.

*

యూరప్‌లో వారాలకు రోమన్ దేవుళ్ల పేర్లే కదా. మరి క్రైస్తవం వచ్చాక వాటిని ఎలా ఉండనిచ్చారు?

*

ఊరుకోలేదండీ. ఇప్పటి పోర్చుగల్‌లోని బ్రాగాకు ఆరో శతాబ్దంలో బిషప్‌గా ఉన్న మార్టిన్, రోజులను ఈ దేవుళ్ల పేర్లతో పిలవడమేమిటని మందలించాడు. పోర్చుగీసులో నేటికీ సోమవారం ‘సెగుండా ఫెయిరా’, అంటే రెండోది. శుక్రవారం దాకా అంకెలే. ఫ్రెంచి, స్పానిష్ వాళ్లు రోమన్ పేర్లను చాలావరకు ఉంచేసుకున్నారు. ఇంగ్లీషు వాళ్లు కొన్నిటి చోట తమ పాత దేవుళ్లను కూర్చోబెట్టారు. బుధుడి చోట వోడెన్, గురుడి చోట థోర్, వీనస్ (మన శుక్రుడు) చోట ఫ్రిగ్ దేవత. క్రీస్తు శిలువనెక్కిన ‘గుడ్ ఫ్రైడే’లో ఇప్పటికీ ఆవిడ పేరే! మన దగ్గర ఆ రోజు రాక్షసగురువు శుక్రాచార్యుడిది. గ్రహం ఒకటే, ఎక్కడికక్కడ వేషం మారింది.

*

మన శాసనాల్లో వారం పేరు ఎప్పటి నుంచి కనిపిస్తుంది?

*

మధ్యప్రదేశ్‌లోని ఎరాన్ స్తంభ శాసనంలో, సుమారు 484లో. ‘సురగురు దివసం’ అని ఉంది. మన గురువారమే.

*

ప్రశ్న అడిగింది నేనే. ఇదంతా మా అమ్మకు చదివి వినిపించాను. “గ్రీకుదైతే గ్రీకుదే, వర్జ్యం ఎన్నింటికి వెళ్తుందో చూసి చెప్పు” అంది.