“కుట్టనా?”: చీమ అడుగుతోందా, నిలదీస్తోందా?

అందరికీ నమస్కారమండి. మా కాలేజీ పిల్లలు పదిమంది ఈ ఏడాది ప్రైమరీ స్కూళ్ళు తిరుగుతూ ఒక నాటిక ఆడుతున్నారు. నరసాపురంలో పంటు ఎక్కి వశిష్ఠ గోదావరి దాటి సఖినేటిపల్లి వైపు కూడా వెళ్ళాలి. తెరలు, హార్మోనియం మోసుకెళ్ళే పౌరాణికం అందుకే వద్దనుకున్నాం. పద్యం బాగా పాడేవాళ్ళు ఇద్దరున్నారు గానీ, రెండో తరగతి పిల్లలకి రాగం అందినంతగా మాట అందదు. చివరికి ఏడు చేపల కథే ఖాయం చేశాం. మైకు లేకపోయినా నడుస్తుంది. “చేపా చేపా” అనగానే మిగతాది పిల్లలే అందుకుంటారు. పైగా ఎండుచేప వాసన తెలియని పిల్లలు ఈ వైపు ఉండరు.

చిక్కంతా చివరి మాట దగ్గర వచ్చింది. “నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?”

మొదటి ఆటలో చీమ వేషం వేసిన అమ్మాయి పిల్లల మీదికి వంగి, గొంతు మెల్లగా పైకి లేపి “కుట్టనా?” అంది. ముందు వరసలో ఒక పాప రెండు చేతులూ వెనక్కి దాచేసుకుని “వద్దు” అంది. ఇక వరసంతా “వద్దు, వద్దు!” అమ్మాయికి తర్వాతి మాట నోట రాలేదు.

తప్పు తనది కాదు. “లోపలికి రానా?” అంటే రమ్మంటారా అని. “మీరు పిలిస్తే రానా?” అంటే రాకుండా ఉంటానా అని. చీమది ఈ రెండోది: కుట్టను + ఆ, ఉత్వసంధి. రాస్తే రెండూ ఒకటే, తేడా అంతా గొంతులోనే. “కుట్టకుండా ఉంటానా” అని మార్చేయమని తోటి లెక్చరర్ సలహా. నాకు మనసొప్పడం లేదు. ఆ “ట్ట” దగ్గరే కదండీ చీమ కుట్టేది! మీరేమంటారు?

జవాబు: మార్చకండి మాస్టారూ. బహువచనంలో అనిపించి చూడండి. “మేం కుట్టమా?” అంటే అనుమతి అడిగే అర్థం రానే రాదు. రిహార్సల్లో ఐదుగురిని చీమల్లా నిలబెట్టి అదే అనిపించండి. ఆ గొంతు పట్టుబడ్డాక ఒక్క చీమకి ఇవ్వండి.

ఇంకో జవాబు: మా వైపు “కుట్టనేంటి?” అంటాం, అనుమానమే ఉండదు. కానీ చిన్నప్పుడు విన్న తూగు పోతుంది. నా ఓటు కూడా “కుట్టనా”కే. 1880లో రాజమండ్రిలో వీరేశలింగంగారు తన విద్యార్థులతో ‘వ్యవహార ధర్మబోధిని’ ఆడించినప్పుడు వాళ్ళ నోట పెట్టింది మాట్లాడే తెలుగే. నటుడికి గొంతు నేర్పుదాం, మాట జోలికి పోవద్దు.

మళ్ళీ నేనే: ఐదు చీమల ఉపాయం పనిచేసిందండి, చాలా థ్యాంక్స్. అమ్మాయి ఇప్పుడు “నా” మీద ఒత్తి, “పెడితే” దగ్గర ఆగి, నడుం మీద చేతులు పెట్టుకుని “కుట్టనా” అని గొంతు కిందికి దించుతోంది. నిన్నటి స్కూల్లో పిల్లలందరూ ఒక్క గొంతుతో అరిచారు: “కుడతావ్!”