మెరియన్ చార్టు బడి గోడ మీద ఉండాలా, వద్దా?

బయోటీచర్_హన్మకొండ:
ఫిబ్రవరి 28న సైన్స్ డే. మా బడిలో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు ‘దారి వేసిన మహిళలు’ అనే పేరుతో ఆరు చార్టులు తయారు చేస్తున్నారు. వాటిలో ఒకటి పురుగులను గమనించి బొమ్మలు వేసిన జర్మనీ చిత్రకారిణి మరియా సిబిల్లా మెరియన్‌ది. దాని మీద స్టాఫ్ రూమ్‌లో పెద్ద వాదనే అయింది. “ఆమె వ్యాపారి. బానిసలతో పని చేయించుకుంది. పిల్లలకు ఆమెను ఆదర్శంగా చూపించొద్దు” అని తోటి సార్ ఒకరు అన్నారు. ఉండాలనే నేను అంటున్నాను. మీ అభిప్రాయం కావాలి.

తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. మెరియన్ 1647లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టింది. మూడేళ్లప్పుడే తండ్రి పోయాడు. తల్లి మళ్లీ పెళ్లి చేసుకున్నాయన పూల బొమ్మలు వేసే చిత్రకారుడు, ఆయన దగ్గరే కుంచె పట్టింది. పదమూడేళ్ల వయసులో పట్టుపురుగులు పెంచడం మొదలుపెట్టి, గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా చూసి బొమ్మలు వేసుకుంది. పురుగులు బురదలోంచి, కుళ్లులోంచి వాటంతట అవే పుడతాయని చాలామంది నమ్మే రోజులవి. 1679లో గొంగళిపురుగుల మీద మొదటి పుస్తకం తెచ్చింది. గుడ్డు, పురుగు, గూడు, రెక్కల పురుగు, అది తినే మొక్క అన్నీ ఒకే బొమ్మలో ఉంటాయి. మనం ఈ రోజు జీవితచక్రం అని పాఠం చెప్పే బొమ్మ అదే కదా!

తర్వాత భర్తను వదిలి బయటికొచ్చింది. 1691లో ఇద్దరు కూతుళ్లతో ఆమ్‌స్టర్‌డాం చేరింది. బొమ్మలు అమ్మింది, రంగులు అమ్మింది, భద్రపరిచిన పురుగుల నమూనాలు అమ్మింది. 1699లో తన బొమ్మలు 255 అమ్మేసి, ఆ డబ్బుతో చిన్న కూతురు డొరోతియాను వెంటపెట్టుకుని దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు ఓడెక్కింది. అప్పటికి వయసు 52. రాజు పంపలేదు, కంపెనీ పంపలేదు. సొంత కష్టార్జితంతో, కేవలం పురుగులను చూడటానికి వెళ్లింది.

ఖిలా_వరంగల్:
మేడమ్, ఆమె సాహసంతో నాకు పేచీ లేదు. కానీ సురినామ్ అంటే అప్పుడు డచ్చివాళ్ల చెరకు తోటలు. ఆఫ్రికా నుంచి ఓడల్లో కుక్కి తెచ్చిన మనుషుల చెమటతో నడిచిన దేశం. అడవిలో దారి కొట్టడానికి గొడ్డళ్లిచ్చి తన బానిసలను ముందు పంపానని మెరియనే రాసుకుంది. తిరిగొచ్చేటప్పుడు ఒక ఆదివాసీ స్త్రీని కూడా ఆమ్‌స్టర్‌డాంకు తీసుకొచ్చింది. వీళ్లలో ఒక్కరి పేరైనా మీ చార్టు మీద ఉంటుందా?

మా తాత దొర గడీలో వెట్టి చేసినవాడు. ఆ గడీ గోడలకు రాళ్లు మోసింది ఆయన, ఆయన అన్నదమ్ములు. ఇప్పటికీ జనం దాన్ని ‘దొర కట్టిన గడీ’ అనే అంటారు. అందుకే ఇది నాకు చిన్న విషయంలా కనిపించదు.

మద్దివనం:
మాది మహాదేవపూర్ వైపు. మా మేనమామవాళ్లు మద్దిచెట్ల మీద దసలి పట్టు, అంటే అడవి పట్టు, పెంచుతారు. పురుగులను చెట్టు మీదికి వదిలాక నెల దాటేదాకా ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. పొద్దున్నే వడిసెలతో పక్షులను తోలాలి, చీమలు పట్టకుండా చూడాలి, ఆకు అయిపోతే పురుగులున్న కొమ్మను కోసి ఇంకో చెట్టుకు కట్టాలి. పట్టుకాయ కట్టేదాకా చూపు తిప్పకూడదు. మెరియన్ ఈ పనినే ఎన్నో రకాల పురుగులతో, ఏది ఏ ఆకు తింటుందో వెతుక్కుంటూ చేసింది. ఆ ఓపిక ఎంతటిదో మా అత్తకు చెప్పక్కర్లేదు.

‘వ్యాపారి’ అనే మాటను తిట్టులాగా వాడటం మాత్రం నాకు బాధగా ఉంది. మా అత్త పట్టుకాయలు అమ్మకపోతే ఆ ఇంట్లో పిల్లల ఫీజులు కట్టేవాళ్లు లేరు. మొగుడి సంపాదన లేని ఆడమనిషి తన చేతిపని అమ్ముకుని, ఆ డబ్బుతో సముద్రం దాటితే అందులో తక్కువతనం ఏముంది? సురినామ్‌లో తోటల యజమానులు, ఈ దేశంలో చక్కెర తప్ప ఇంకేం వెతుకుతున్నావని ఆమెను ఎగతాళి చేశారట. లాభం ఒక్కటే కావాలనుకుంటే ఆమె కూడా చక్కెరే చూసుకునేది.

కాజీపేట_జంక్షన్:
మన రుద్రమదేవి ఉండగా ఎక్కడో జర్మనీ ఆమె ఎందుకక్కా?

బయోటీచర్_హన్మకొండ:
రుద్రమ చార్టే మొదటిది తమ్ముడూ. ఆరింటిలో ఇది నాలుగోది.

@మద్దివనం, నా మనసులో మాట చెప్పారు. ఇంకొకటి. ఆమె శాస్త్రవేత్త కాదు, బొమ్మలు అమ్ముకునే మనిషి అనే మాట కొత్తది కాదు. పిట్టను తినే పెద్ద సాలీడు బొమ్మ వేసినందుకు పందొమ్మిదో శతాబ్దంలో ఆమెను అబద్ధాలకోరు అన్నారు. తర్వాత ఇంగ్లండ్ ప్రకృతి పరిశోధకుడు హెన్రీ బేట్స్ అమెజాన్ అడవుల్లో అలాంటి సాలీడును, దాని చేతికి చిక్కిన పిట్టలను కళ్లారా చూసి రాశాడు. చెప్పింది మగవాడైతే నమ్మారు! స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ కూడా జీవులకు పేర్లు పెట్టేటప్పుడు ఆమె బొమ్మలను ఆధారంగా తీసుకున్నాడు.

రత్నగంధి_పూలు:
నేను బాటనీ విద్యార్థిని. ఖిలా_వరంగల్ అన్న అడిగినదాన్ని దాటేసి ముందుకు పోవద్దు. అందుకే ఈ మొక్క సంగతి చెప్తున్నా.

కాలేజీ గేట్ల దగ్గర, రోడ్డు డివైడర్ల మీద ఎర్రగా, పసుపుగా పూసే రత్నగంధి మనందరికీ తెలుసు. 1705లో మెరియన్ సొంతంగా అచ్చువేసిన సురినామ్ పుస్తకంలో 60 చిత్రాలున్నాయి. 45వది ఈ మొక్కే. దాని పక్కన ఆమె రాసిన విషయం చదివి నేను చాలాసేపు పుస్తకం మూసేసి కూర్చున్నాను. డచ్చి యజమానుల హింస తట్టుకోలేక, తమ పిల్లలు కూడా బానిసలు కాకూడదని, అక్కడి స్త్రీలు ఈ గింజలతో కడుపు పోగొట్టుకునేవారట. ఈ సంగతి వాళ్లే తనతో చెప్పారని రాసింది.

మొక్క యూరప్ తోటల్లో అందం కోసం నాటుకున్నారు. ఆ స్త్రీల తెలివిని, బాధను మాత్రం అక్కడి వైద్యులు పట్టించుకోలేదు. మెరియన్ రాయకపోతే వాళ్ల మాట మనదాకా వచ్చేదా?

ఖిలా_వరంగల్:
చెల్లెమ్మా, ఇది నాకు తెలియదు. చెప్పినందుకు థాంక్స్. నిజంగా కదిలిపోయాను. కానీ ఆమె వాళ్ల బాధ విన్నది, రాసింది, మళ్లీ పొద్దున్నే వాళ్లనే గొడ్డళ్లిచ్చి అడవిలోకి పంపింది. వినడం వేరు, విడిచిపెట్టడం వేరు.

ఇక మీ శీర్షిక చూడండి మేడమ్. ‘దారి వేసిన మహిళలు’. సురినామ్ అడవిలో దారి వేసింది ఎవరు? నిజంగా ముళ్లకంపలు నరికి, కాళ్లకు నెత్తురు కారుతుంటే ఆ దారి వేసింది వాళ్లు. దాని మీద నడిచింది మెరియన్. నా అభ్యంతరమంతా ఆ ఒక్క మాట దగ్గరే ఉంది.

బయోటీచర్_హన్మకొండ:
అన్నా, మీరు అడిగింది చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. మీకు జవాబు నా దగ్గర లేదు.

చార్టు మాత్రం తీయను. ఇద్దరు పిల్లల తల్లి 52 ఏళ్లకు తన బొమ్మలు అమ్ముకుని అడవికి బయలుదేరింది. రెండేళ్లకే జ్వరంతో ఒళ్లు చెడి తిరిగొచ్చినా, ఆ పుస్తకం అచ్చయ్యేదాకా పని ఆపలేదు. ఇవి మా పిల్లలకు తెలియాలి. పదో తరగతి అవ్వగానే పెళ్లి మాట వినే పిల్లలు వాళ్లు. కానీ శీర్షిక మారుస్తాను. కింద, ఆమె పేరు ఎంత అక్షరాల్లో ఉందో అంతే అక్షరాల్లో, ‘ఈ దారి నరికినవారి పేర్లు ఎవరూ రాయలేదు’ అని పెట్టిస్తాను. రత్నగంధి గురించి తొమ్మిదో తరగతికి ఎలా చెప్పాలో ఇంకా టెన్షన్‌గానే ఉంది. కొమ్మ ఒకటి తెచ్చి పెడతాను, అడిగిన పిల్లకు నిజమే చెప్తాను.

ఖిలా_వరంగల్:
ఆ లైన్ పెడితే చూడటానికి వస్తాను. ఆదర్శం అనే మాటకు మాత్రం ఒప్పుకోను.

మద్దివనం:
అక్కా, శనివారం బస్సుకు పట్టుకాయలు పంపిస్తా. నాలుగింటిలో పురుగు బతికే ఉంటుంది. వానలు పడేదాకా బయటికి రాదు కాబట్టి పిల్లలు ధైర్యంగా చేత్తో పట్టుకోవచ్చు. ఎండ తగిలే కిటికీ దగ్గర మాత్రం పెట్టొద్దు.