కాజీపేట ట్రయాంగిల్ కలపగానే కంట్రోలర్ ట్రిప్ అవుతోంది, తప్పెక్కడ?

హన్మకొండ_హెచ్‌ఓ
అందరికీ నమస్తే. మేం నలుగురం కలిసి హెచ్‌ఓ స్కేలులో, అంటే అసలుకి 87వ వంతు (1:87) సైజులో, బొమ్మ రైళ్లు నడిచే కాజీపేట జంక్షన్ మోడల్ కడుతున్నాం. ఎవరి బల్ల వాళ్లింట్లో చేసుకుని ఆదివారం మా మేడ మీద గదికి తెచ్చి బోల్టులతో బిగిస్తాం. బల్లంటే 4 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు ప్లైవుడ్, కింద రీపర్లు, అంతే. స్టేషన్ నాది. 24 ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం) పెట్టెల రైలుకి ప్లాట్‌ఫాం కట్టాలంటే ఈ స్కేలులో ఆరున్నర మీటర్లు దాటుతుంది, మా గది పొడవే 14 అడుగులు, అందుకని ఆరు పెట్టెలకి కుదించా. ఒక దోస్తు బొగ్గు రేక్, అంటే బొగ్గు గూడ్సు బండి, చేస్తున్నాడు. బాక్స్‌ఎన్ వ్యాగన్ ఒక్కోటి 12 సెంటీమీటర్ల పైచిలుకు, అసలు రేక్‌కి 58 ఉంటాయి, వీడు పదితో ఆపాడు గానీ లోపల పోసింది మాత్రం నిజం సింగరేణి బొగ్గే, రోట్లో నూరి మరీ. ఇంకొకడికి కరెంటు స్తంభాల పిచ్చి, వాడి సంగతి తర్వాత. నాలుగోవాడు బైపాస్ లైను వేశాడు, అదేనండీ, బల్లార్షా నుంచి వచ్చి కాజీపేట స్టేషన్‌కి రాకుండా నేరుగా వరంగల్ వైపు తిరిగే లైను, దాంతో మూడు వైపులా కలిసి ట్రయాంగిల్ అవుతుంది. గొడవంతా దాంతోనే.

సికింద్రాబాద్ వైపు నుంచి వరంగల్‌కి బండి బాగానే పోతుంది. బల్లార్షా వైపుకీ పోతుంది. బైపాస్ బల్ల కలిపి బిగించామా, కంట్రోలర్ (పట్టాలకి కరెంటు ఇచ్చే డబ్బా) మీద ఎర్ర లైటు, అన్ని బండ్లూ టక్కున ఆగిపోతాయి. మామూలు 12 వోల్టుల డీసీ, డిజిటల్ కాదు. వైర్లు మూడుసార్లు చూశాం. క్రషర్ డస్ట్‌తో వేసిన కంకర తడికి షార్ట్ అవుతుందేమోనని రెండు అడుగుల కంకర గీకి పారేశాం కూడా (రెండు ఆదివారాల పని అది). అయినా అంతే. ఎవరైనా చెప్పండి, టెన్షన్‌తో చస్తున్నాం.

కరీంనగర్_పాయింట్స్‌మన్
అయ్యో తమ్మీ, కంకర ఎందుకు గీకారు! మీ వైర్లలో తప్పేం లేదు, కాజీపేట మ్యాపే అలాంటిది. ఒక కాగితం మీద ట్రయాంగిల్ గీసి, ఒక మూల నుంచి మొదలుపెట్టి ఎడమ పట్టా ఎర్ర పెన్నుతో, కుడి పట్టా నీలం పెన్నుతో గీసుకుంటూ పో. మూడో వైపు కలిసేచోట ఎర్ర పట్టా వచ్చి నీలం పట్టాని తాకుతుంది. ప్లస్ పోయి మైనస్‌కి అతుక్కుంటే ట్రిప్ కాక ఏమవుతుంది. ట్రయాంగిల్ మీదుగా పోయిన బండి మొహం తిప్పుకుని వస్తుంది కదా, దాంతోపాటు పట్టాల ప్లస్ మైనస్ కూడా తిరగబడతాయన్నమాట.

మందు సులువే. బైపాస్ లైనుని రెండు చివరలా, రెండు పట్టాలూ కోసి, కరెంటు దాటనివ్వని ప్లాస్టిక్ జాయినర్లు (అతుకులు) పెట్టండి. నాలుగు కోతలు, మూడు పెడితే పని కాదు. ఆ ముక్కకి కరెంటు విడిగా ఒక ఆరు పిన్నుల డీపీడీటీ టాగుల్ స్విచ్ (రెండు వైర్లనీ ఒకేసారి అటూ ఇటూ మార్చే మీట) నుంచి ఇవ్వండి. మధ్య రెండు పిన్నులు బైపాస్ పట్టాలకి, ఒక చివరి జత కంట్రోలర్‌కి, ఆ జత నుంచే రెండో చివరి జతకి వైర్లు అడ్డంగా, ఎక్స్ ఆకారంలో. విడదీసిన ముక్క మాత్రం మీ పొడుగాటి రైలు కంటే పొడుగుండాలి, లేకపోతే ఇనుప చక్రాలు రెండు చివరలా కోతల్ని ఒకేసారి కలిపేసి మళ్లీ అదే ఎర్ర లైటు.

హన్మకొండ_హెచ్‌ఓ
అన్నా, షార్ట్ పోయింది! బైపాస్ రెండు బల్లలు, 8 అడుగులు. ఆరు పెట్టెలూ ఇంజనూ కలిపి 6 అడుగుల చిల్లర, సరిపోయింది. కానీ కొత్త తంటా. బల్లార్షా వైపు నుంచి బండి బైపాస్‌లోకి వస్తుంది, బయటికి పంపుదామని టాగుల్ తిప్పితే వచ్చిన దారినే వెనక్కి ఉరికి, కోత దాటే దగ్గర మళ్లీ ట్రిప్. బొగ్గు రేక్‌వాడు పడీ పడీ నవ్వాడు.

కరీంనగర్_పాయింట్స్‌మన్
చెప్పడం మరిచిపోయా, తప్పు నాదే. డీసీలో టాగుల్ ఒక్కటే తిప్పితే ఇంజను కింద ప్లస్ మైనస్ మారి వెనక్కే పోతుంది. బండి మొత్తం బైపాస్‌లోకి వచ్చాక ఆపండి. టాగుల్ తిప్పండి, కంట్రోలర్ మీద ముందుకి వెనక్కి మార్చే మీట కూడా తిప్పండి. రెండూ తిప్పితే బైపాస్‌లో ఏమీ మారదు, బయటి పట్టాలు మాత్రం మారి దానికి సరిపడతాయి. ఇక స్పీడు ఇవ్వండి. డిజిటల్‌కి పోతే ఈ పని చేసే చిన్న బోర్డు వేరే దొరుకుతుంది, కానీ దీనికోసమే డబ్బు తగలెయ్యక్కర్లేదు.

రిటైర్డ్_లోకోపైలట్
బాబూ, మాది కాజీపేటే. ఆ బైపాస్ మీద ఎన్ని గూడ్సులు నడిపానో లెక్కలేదు గానీ ఈ షార్ట్ బాధ మాకెప్పుడూ లేదు. ఎందుకంటే 25 వేల వోల్టులు పై తీగలో వస్తాయి, తిరిగి పోవడానికి పట్టాలు. పట్టాలు రెండూ ఒకే వైపు లెక్క, కాబట్టి ట్రయాంగిల్‌లో ఎటు తిరిగినా ఒకటే. మేం పట్టాల మధ్య గ్లూడ్ జాయింట్లు (కరెంటు దాటనివ్వని అతుకులు) పెట్టేది సిగ్నళ్ల ట్రాక్ సర్క్యూట్ కోసం, అంటే ఏ ముక్కలో బండి ఉందో తెలియడానికి. మీ స్తంభాల పిచ్చోడు తీగలో నిజంగా కరెంటు పెట్టి, రెండు పట్టాలూ కలిపేస్తే టాగుల్ అవసరమే ఉండదు. అయితే ప్రతి ఇంజనూ విప్పి వైరింగ్ మార్చాలి, డీజిల్ ఇంజన్లు షెడ్లోనే పడుంటాయి. డీజిల్ నడవని కాజీపేటని నేనైతే చూడలేను. టాగులే ఉంచుకోండి, తీగ ఊరికే చూపుకి పెట్టండి.

స్తంభాలు ఎంత దూరంలో పెట్టాడు?

హన్మకొండ_హెచ్‌ఓ
అంకుల్, 15 సెంటీమీటర్లకొకటి. చెప్పానుగా పిచ్చి అని. తీగ మాత్రం తాడు కట్టినట్టు తిన్నగా లాగాడు.

రిటైర్డ్_లోకోపైలట్
15 అంటే పెళ్లి పందిరి గుంజల్లా ఉంటాయి. తిన్నటి లైనులో స్తంభానికీ స్తంభానికీ 72 మీటర్ల దాకా ఉండొచ్చు, మీ లెక్కలో 83 సెంటీమీటర్లు. అంత ఎడం పెడితే బల్లకి ఒకటో రెండో వస్తాయి, బోసిగా ఉంటుంది, అందుకని 40 పెట్టమనండి, వంపులో ఇంకా దగ్గర. తీగ ఎత్తు ఐదున్నర మీటర్లు, మీకు 63 మిల్లీమీటర్లు. ఇంకోటి, తీగ తిన్నగా ఉండకూడదు. స్తంభం దగ్గర ఒకసారి ఎడమకి, తర్వాతి స్తంభం దగ్గర కుడికి, 200 మిల్లీమీటర్ల చొప్పున జరుగుతుంది, లేదంటే ఇంజను మీద తీగని తాకే పాంటోగ్రాఫ్ ఒక్కచోటే అరిగిపోతుంది. మీకది 2 మిల్లీమీటర్ల పైన, కంటికి తెలుస్తుంది.

మంచిర్యాల_రేక్
కంకర మళ్లీ వేసేముందు డస్ట్‌ని చాయ్ జాలితో జల్లించి, పేపర్ మీద పోసి పైనుంచి అయస్కాంతం తిప్పండి. నల్ల రేణువులు అతుక్కుంటాయి, వదిలేస్తే అవే ఇంజను మోటార్లోకి ఎక్కుతాయి. నాకు ఒక మోటార్ అలాగే పోయింది. ఫెవికాల్‌లో నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి సిరంజితో పోస్తే కంకర కదలదు.

హన్మకొండ_హెచ్‌ఓ
రెండు మీటలూ కలిపి తిప్పాం, బైపాస్ నుంచి వరంగల్ వైపుకి ఆరు పెట్టెలూ సాఫీగా దాటాయి. ఒకడు టాగుల్ దగ్గర, ఒకడు కంట్రోలర్ దగ్గర, ఇద్దరం ఒకేసారి "తిప్పు" అని అరుచుకుంటున్నాం. స్తంభాలోడు అలిగి 15వి పీకి 40కి పెడుతున్నాడు. అంకుల్, వచ్చే ఆదివారం ఒకసారి వస్తారా? చాయ్ మాది, అడ్రస్ మెసేజ్ చేస్తా.