పాపకు బాప్తిస్మమా, ప్రతిష్ఠా? ఇంట్లో టెన్షన్‌గా ఉంది

వికారాబాద్ అబ్బాయి:
అందరికీ వందనాలు. మాది మెథడిస్టు కుటుంబం, తాతల నాటి నుంచి వికారాబాద్ వైపే. నా భార్యది ఒంగోలు, వాళ్ళు బాప్టిస్టులు. మాకు నాలుగు నెలల పాప. పాపకు వెంటనే బాప్తిస్మం ఇప్పించాలని మా అమ్మానాన్నలు పట్టుబడుతున్నారు. చర్చిలో ప్రార్థన చేయించి ప్రతిష్ఠ చేస్తే చాలని, పెద్దయ్యాక పాపే అడిగి బాప్తిస్మం తీసుకుంటుందని అత్తయ్య, మామయ్య అంటున్నారు. మధ్యలో నేను. ఇలాంటిది దాటినవాళ్ళు చెప్పండి.

గుండ్లకమ్మ:
తమ్ముడూ, మార్కు 16:16 తీసి చూడు. "నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును." ముందు నమ్మాలి, తర్వాత నీళ్ళు. పాలు తాగే బిడ్డ ఏం నమ్ముతుంది? మా ఒంగోలు సంగతే చూడు. కరువు రోజుల్లో జనం బాప్తిస్మం ఇమ్మని వచ్చినా అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు ఇవ్వలేదు. తిండి కోసం చేరారన్న మాట రాకూడదని ఆపారు. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. అడిగి, ఆగి, తీసుకున్న బాప్తిస్మం అది.

వెస్లీ తాతయ్య:
బాబూ, నేను రిటైర్డ్ టీచర్ని. నలభై ఏళ్ళు సండే స్కూలు నడిపాను. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయంలో లూదియతో పాటు ఆమె ఇంటివారు, చెరసాల నాయకుడితో పాటు అతని ఇంటివారు బాప్తిస్మం పొందారు. ఆ ఇళ్ళలో ఒక్క చంటిపిల్ల కూడా లేదంటారా? మెథడిస్టు ఉద్యమాన్ని మొదలుపెట్టిన జాన్ వెస్లీ గారు 1784లో అమెరికా సంఘాల కోసం కుదించి పంపిన విశ్వాస సూత్రాల్లోనూ చిన్నపిల్లల బాప్తిస్మం కొనసాగాలనే ఉంది. ఇప్పుడది 17వ సూత్రం. బిడ్డ దేవుణ్ణి పట్టుకోకముందే దేవుడు బిడ్డను పట్టుకుంటాడు. మెథడిస్టు నమ్మకమంతా ఆ మాట మీదే నిలబడింది. పాల విలువ తెలిశాకే బిడ్డకు పాలు పడతామా?

సైలెంట్ రీడర్:
ఇంతకీ పాపాయి పేరేంటి?

గుండ్లకమ్మ:
మాస్టారూ, చెరసాల నాయకుడి ఇంట్లో అందరికీ వాక్యం బోధించారని 32వ వచనంలోనే ఉంది. చంటిపిల్లకు బోధిస్తారా? ఇంకోటి. 1736లో అమెరికాలోని సవన్నాలో ఒక అధికారి భార్య తన బిడ్డను నీళ్ళలో ముంచనివ్వనంటే మీ వెస్లీ గారు బాప్తిస్మమే ఇవ్వలేదు. ఆయన దినచర్యలో ఆయనే రాసుకున్నారు. మరి మీరు తల మీద మూడు చుక్కలు చిలకరించి ఎలా సరిపెడుతున్నారు?

వెస్లీ తాతయ్య:
అమ్మా, ఆయన ముంచుతానన్నది పసిబిడ్డనే! నా తరఫు సాక్షిని మీరే పిలుచుకొచ్చారు, సంతోషం. సరే, నాదీ ఒక ప్రశ్న. ఒక్క రోజులో 2,222 మంది అన్నారు. అంతమందిలో ఒక్కొక్కరి విశ్వాసాన్ని కూర్చుని పరీక్షించింది ఎవరు?

గుండ్లకమ్మ:
నీళ్ళ గురించి అడిగితే వయసు గురించి చెప్తారేంటి? ఇద్దరు ముంచుతుంటే మిగతావాళ్ళు అలసట తీర్చుకునేలా ఆరుగురు బోధకులు వంతులవారీగా ఇచ్చారు.

వెస్లీ తాతయ్య:
ముంచిందెవరో నేను అడగలేదు. పరీక్షించిందెవరు?

డల్లాస్ శీను:
మేం ఇక్కడ యునైటెడ్ మెథడిస్టు చర్చికి వెళ్తాం. మా బాబుకు పోయినేడు ఇప్పించాం. ఆదివారం ఆరాధన మధ్యలోనే చేస్తారు. పాస్టర్ గారు బిడ్డ పేరు అడుగుతారు, తల్లిదండ్రులు ప్రమాణం చేస్తారు. ఆ తర్వాత సంఘమంతా లేచి, ఈ బిడ్డను విశ్వాసంలో పెంచడానికి మేమూ తోడుంటామని మాటిస్తుంది. నాకు కళ్ళలో నీళ్ళొచ్చింది అప్పుడే. ఇక్కడ మనకు బంధువులెవరున్నారు చెప్పండి?

సెమినరీ డ్రాపౌట్:
వెస్లీకి 1703లో పుట్టగానే బాప్తిస్మమైంది. క్రీస్తు మీద నిజంగా నమ్మకం కుదిరి మనసు వెచ్చబడిందని ఆయన చెప్పుకున్న రాత్రి మాత్రం 1738 మే 24. అంటే ముప్ఫయ్ నాలుగేళ్ళకు. పుట్టగానే బాప్తిస్మమైంది కదా అని దాన్ని ఊతకర్రలా పట్టుకుని కూర్చోవద్దని ఆయనే బోధించాడు. కాబట్టి బాప్తిస్మమైతే పని అయిపోయినట్టు కాదు. మెథడిస్టుల్లో కన్ఫర్మేషన్ ఉన్నది అందుకే, పెద్దయ్యాక నోటితో ఒప్పుకోవడానికి. మీ ఇద్దరూ సగం సగం పట్టుకుని లాగుతున్నారు.

గుండ్లకమ్మ:
సగం ఏముంది? చిలకరింపు బాప్తిస్మమే కాదు. తల తడిసింది, అంతే. ఆ బిడ్డ పెద్దయ్యాక ఎలాగూ సరిగ్గా తీసుకోవాల్సిందే.

వెస్లీ తాతయ్య:
ఆ మాట కోసమే ఇంతసేపు ఆగాను. మా అబ్బాయి పెళ్ళి ఒక బాప్టిస్టు అమ్మాయితో కుదిరింది. కార్డులు పంచాక వాళ్ళ సంఘంవాళ్ళు, "మీ అబ్బాయి బాప్తిస్మం చెల్లదు, ముంచితేనే పెళ్ళి" అన్నారు. ఇరవై ఏడేళ్ళవాడు ప్రేమ కోసం తలవంచి నీళ్ళలోకి దిగాడు. మా ఆవిడ గట్టు మీద నిలబడి చూసింది. ముప్ఫయ్యో రోజున వాణ్ణి ఎత్తుకుని సంఘం ముందుకు తీసుకెళ్ళింది ఆవిడే. ఆ రోజు చేసింది తప్పని అందరి ముందూ రాసిచ్చినట్టయింది. మేం వేరే సంఘంలో ఇచ్చిన బాప్తిస్మాన్ని మళ్ళీ ఇవ్వం. మీవాళ్ళు వస్తే ఉన్నది ఉన్నట్టే ఒప్పుకుంటాం. మీరెందుకు ఒప్పుకోరు?

మోడరేటర్:
నెమ్మదిగా. వ్యక్తిగత దూషణ లేదు కాబట్టి ఉంచుతున్నాను.

గుండ్లకమ్మ:
మాస్టారూ, మీ ఆవిడ గట్టు మీదైనా ఉన్నారు. నా కూతుర్ని మీలాంటి కుటుంబంలోనే ఇచ్చాం. మనవడి బాప్తిస్మం ఫొటో నేను వాట్సాప్‌లో చూశాను. తెల్ల గౌను, కేకు, అందరూ ఉన్నారు. "మీరెలాగూ ఒప్పుకోరు కదా, అందుకే పిలవలేదు" అన్నారు మా వియ్యపురాలు. ఒప్పుకోకపోయినా వచ్చేదాన్ని. వెనక బెంచీలో కూర్చునేదాన్ని.

సైలెంట్ రీడర్:
అయ్యో.

వెస్లీ తాతయ్య:
అది తప్పే. పిలవాల్సింది.

వికారాబాద్ అబ్బాయి:
ఒక మాట మొదట దాచాను. మా అమ్మ ఇప్పటికే పాస్టర్ గారితో మాట్లాడి వచ్చే నెల రెండో ఆదివారం ఖాయం చేసింది. ఒంగోలుకు ఇంకా చెప్పలేదు. నా భార్యకు చెప్పింది నిన్ననే. నేను ఇక్కడ అడిగింది ఏది సరైనదో తెలుసుకోవడానికి కాదనుకుంటా, మా మామయ్యకు చూపించడానికి ఏదైనా వచనం దొరుకుతుందేమోనని.

గుండ్లకమ్మ:
వచనం కాదు, ఫోన్ చెయ్యి తమ్ముడూ. ఈ రాత్రే. ముందు మీ ఆవిడను అడుగు, ఆమెకేం కావాలో. పాప పుట్టి నాలుగు నెలలైంది, ఈ చర్చలో ఇప్పటిదాకా ఆమె మాట ఒక్కటి లేదు.

వికారాబాద్ అబ్బాయి:
అడిగాను. తారీఖు వాయిదా వెయ్యమంది. వాళ్ళ నాన్న వచ్చి పాపను ఎత్తుకుని ప్రార్థన చేశాకే మిగతాది మాట్లాడదాం అంది. బాప్తిస్మానికి కాదనలేదు, ఔననలేదు. ఇప్పుడే మా అమ్మకు చెప్పాను, ఫోన్ పెట్టేసింది.

డల్లాస్ శీను:
మళ్ళీ చేస్తుందిలే అన్నా.

సెమినరీ డ్రాపౌట్:
పాస్టర్ గారికి ముందే చెప్పండి. ఆ ఆదివారం సంఘం ముందు పేరు పిలిచాక మీరు లేకపోతే బాగోదు.

వెస్లీ తాతయ్య:
మీ అమ్మగారితో నన్ను మాట్లాడమంటే మాట్లాడతాను, నంబరు మెసేజ్‌లో పంపు. గుండ్లకమ్మ గారూ, ఆ 2,222 మందిని పరీక్షించిందెవరో మాత్రం మీరింకా చెప్పలేదు.