మొదటి గ్లైడింగ్ పోటీ, తెలియని ఊరు: ప్రాక్టీసు ఎలా?

కావలి కుర్రాడు:
ఉద్యోగం సిడ్నీలో, ఇప్పుడు సెలవుకి కావలి వచ్చాను. మూడేళ్ళుగా గ్లైడర్ (ఇంజను లేని విమానం) నడుపుతున్నా, జనవరిలో ఆస్ట్రేలియాలోనే ఉన్న నరోమైన్‌లో మొదటిసారి పోటీకి దిగుతున్నా. ముందు మూడు రోజులు ప్రాక్టీసుకి ఉంటాయి. నేనెప్పుడూ ఎగిరేది కొండల పక్కన, అక్కడ కళ్ళు మూసుకున్నా దారి చెప్తాను, నరోమైన్ చుట్టూ మాత్రం ఎటు చూసినా చదును నేలే. థర్మల్ (గ్లైడర్‌ని పైకి లేపే వేడిగాలి) దొరక్క పొలంలో దిగాల్సి వస్తే ఏ పొలమో తేల్చుకోలేనేమోనని టెన్షన్. ఆ మూడు రోజులూ స్పీడు మీద పెట్టాలా?

ఒంగోలు అన్న:
స్పీడు సంగతి వదిలెయ్ తమ్ముడూ. మొదటి రోజు ఎగరకుండా కారేసుకుని పొలాలు చూడు. పైనుంచి నున్నగా కనబడిన గోధుమ చేలో నేను దిగి నడిస్తే కొయ్యకాళ్ళు మోకాలి దాకా ఉన్నాయి, మధ్యలో కాలువ గాడి. అక్కడ కరెంటు ఒంటి తీగ మీద పోతుంది, స్తంభానికీ స్తంభానికీ చాలా దూరం, తీగ కంటికి ఆనదు, అందుకని స్తంభాల్ని వెతుకు. ఇల్లు కనబడిందంటే దానికి లైను ఉందనే అనుకో. దారికి పడమటి రైలు పట్టాలు పట్టుకో: ట్రాంగీ, నెవర్‌టైర్ వరసగా వస్తాయి. మక్వారీ నది వెంట చెట్లు బారుగా ఉంటాయి.

మిగతా రెండు రోజులూ ముప్పై కిలోమీటర్లు వెళ్ళి నాలుగు దిక్కుల నుంచీ తిరిగొచ్చి చూడు. ఎత్తు తగ్గిపోతుంటే, నేల నుంచి 2000 అడుగులకి మంచి పొలాలున్న చోటు చూసుకో, 1500కి ఒకే పొలం ఖాయం చేసుకో, 1000కి దిగే వరస మొదలుపెట్టు. ఎత్తు చూపే మీటరు సముద్రమట్టం నుంచి చూపిస్తుంటే, అక్కడ నేలే దాదాపు 780 అడుగులు, అది కలుపుకో.

నెల్లూరు అక్క:
ఒక్క పూటైనా నలుగురున్న థర్మల్‌లో తిరుగు తమ్ముడూ. ముందు చేరినవాళ్ళు ఎటు తిరుగుతుంటే మనమూ అటే. ఒంటరిగా ఎగిరినవాళ్ళకి మెడ తిప్పి చూసే అలవాటు తక్కువ, నాకూ మొదటి పోటీలో అదే కష్టమైంది.

కొండపి రైతు:
అబ్బాయా, విమానం సంగతి నాకు తెలియదు, పొలం తెలుసు. దున్నిన చేలో సాళ్ళ వెంబడే దిగు, అడ్డంగా వద్దు. పచ్చగా ఉంటే పైరు ఎత్తెంతో పైనుంచి తెలియదు, దాని జోలికి పోవద్దు. మిట్టమధ్యాహ్నం గట్టు కనబడదు, ఎండ వాలితే నీడ పడి అదే తెలుస్తుంది. మా పొగాకు బ్యారన్ పైకెక్కితే అన్నీ కనబడతాయి, ఓసారి రా.

కావలి కుర్రాడు:
ఆదివారం వస్తా బాబాయ్. ఎన్నింటికి రమ్మంటారు?

కొండపి రైతు:
నాలుగున్నరకల్లా వచ్చెయ్. పొద్దుగూకితే నీడలుండవు.