నాన్న కైనెటిక్ హోండా: రేజ్ ఇస్తే అరుపే గానీ బండి కదలట్లేదు

కావలి కుర్రోడు:

అందరికీ నమస్తే. మాది కావలి. మా నాన్న 1991లో కొన్న కైనెటిక్ హోండా డీఎక్స్, గేర్లు లేని స్కూటర్ ఒకటి మా మెట్ల కింద పట్టా కప్పుకుని పద్నాలుగేళ్ల పైగా పడి ఉంది. ఆయన టీచరు, రోజూ దాని మీదే తుమ్మలపెంట దారిలో బడికి పోయి వచ్చేవారు, అంటే సముద్రపు ఉప్పుగాలి బాగా తిన్న బండి అన్నమాట. మొన్న ఇల్లు సున్నం వేయిస్తూ బయటికి లాగితే, పారేయడానికి నాన్నకి మనసొప్పలేదు, నాకూ చేతులు ఊరుకోలేదు. ఇంట్లోనే బాగు చేద్దామని మొదలుపెట్టాను. నా అనుభవమంతా ప్లగ్ మార్చడం, బ్రేకు కేబుల్ బిగించడం, అంతే.

ఇప్పటిదాకా చేసింది: ట్యాంకులో మిగిలిన పాత పెట్రోల్ పారబోశాను (పెట్రోల్ వాసనే లేదు, వార్నిష్ కంపు), కార్బురేటర్ విప్పి జెట్లు కడిగాను, కొత్త ప్లగ్ వేశాను. ఇరవయ్యో ముప్పయ్యో కిక్కులు కొట్టాక స్టార్ట్ అయింది. వీధంతా తెల్లటి పొగ, ఎదురింటి పిన్ని మున్సిపాలిటీ వాళ్లు దోమల మందు కొడుతున్నారనుకుని కిటికీలు వేసుకుంది.

సమస్య ఏమిటంటే, రెండు నిమిషాలు బుద్ధిగానే ఉంటుంది, తర్వాత ఐడిల్ (యాక్సిలరేటర్ తిప్పకుండానే ఇంజన్ తిరిగే వేగం) దానంతట అదే పెరిగిపోతుంది, యాక్సిలరేటర్ మొత్తం వదిలేసినా దిగదు. ఎక్కి రేజ్ ఇస్తే ఇంజన్ గొంతు చించుకుంటుంది గానీ బండి మాత్రం ఎద్దుబండిలా కదులుతుంది, పైగా రబ్బరు కాలిన వాసన. ఎడమ పక్క కవర్ విప్పి చూస్తే బెల్టు నల్లగా జిగటగా తడిసి ఉంది. ఇక్కడ ఒక మెకానిక్ వచ్చి చూసి, వేరియేటర్ (గేర్ల బదులు వేగాన్ని బట్టి బెల్టుని సర్దే ముందు పుల్లీ) పోయింది, బెల్టు, రోలర్లు, క్లచ్ సెట్టుకి సెట్టు మార్చాలి, లేదంటే పాత ఇనుముకి వేసేయ్ అన్నాడు. ఆ సెట్టు ఎక్కడ దొరుకుతుంది? పెయింట్ ముందు వేయించి ఇవన్నీ తర్వాత చూసుకోవచ్చా? ఆర్సీ కూడా 2011లోనే అయిపోయింది, దాని సంగతేంటో కూడా ఎవరైనా చెప్పండి.

గేరు రాముడు:

పైన హోండా అని చూసి ఏ హోండామ్యాటిక్కో అనుకుని పరిగెత్తుకొచ్చాను అబయా, తీరా చూస్తే కైనెటిక్! 1976లో హోండా వాళ్లు సీబీ 750ఏ అని దించారు, అదే హోండామ్యాటిక్, నాలుగు సిలిండర్లు, క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్, అదీ ఆటోమేటిక్ బండంటే. సరేలే, మన దగ్గర 1984లో కైనెటిక్ వచ్చాక గేరు వేయడం రానోళ్లు కూడా స్కూటరెక్కారు. మెకానిక్ చెప్పిన సెట్టు మార్చెయ్, పని అయిపోద్ది.

ఒంగోలు పాతబండ్లు:

తమ్ముడూ, సెట్టు కొనకు. ఇప్పుడే కొనకు. నువ్వు రాసిన దాంట్లో రెండు విషయాలున్నాయి, ఐడిల్ దానంతట అది పెరగడం, బెల్టు తడవడం. మెకానిక్ రెండోదాన్ని చూసి ఊరుకున్నాడు. రెండిటికీ కారణం ఒకటే అయ్యుండొచ్చు.

టూ స్ట్రోక్ ఇంజన్లో పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమం ముందు పిస్టన్ కింద క్రాంకు (పిస్టన్ తిప్పే ఇరుసు) తిరిగే గదిలోకి, అంటే క్రాంక్‌కేస్‌లోకి వెళ్లి అక్కడి నుంచి పైకి ఎక్కుతుంది. క్రాంకుకి రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు గాలి చొరబడకుండా కాపలా కాస్తాయి. బండి ఏళ్ల తరబడి నిలబడిపోతే వాటి రబ్బరు పెంకులా గట్టిపడుతుంది. ఇంజన్ వేడెక్కేకొద్దీ ఆ సందులోంచి గాలి లాగుతుంది, పెట్రోలు తక్కువ గాలి ఎక్కువ అవుతుంది, ఐడిల్ పైకి లేస్తుంది. యాక్సిలరేటర్ మూసినా తగ్గదు, ఎందుకంటే గాలి వస్తున్నది కార్బురేటర్ లోంచి కాదు. అదే సందులోంచి లోపలి ఆయిల్ బయటికి చిమ్ముతుంది. ఆ బండికి ఎడమ పక్క క్రాంకు చివరన ఉన్నదేంటి? వేరియేటర్, బెల్టు. మరి బెల్టు తడవక ఏం చేస్తుంది? ఇప్పుడు నువ్వు కొత్త బెల్టు వేసినా పది రోజుల్లో అదీ తడుస్తుంది. ఇంకా నయం, అలాగే లాంగ్ డ్రైవ్ తీసుకెళ్లలేదు, గాలి ఎక్కువై వేడికి పిస్టన్ పట్టేసి ఉండేది.

అయితే నా మాట నమ్మి వెంటనే సీలు కూడా కొనకు. ముందు ఆ తడి ఎక్కడుందో చూడు. ముందు పక్క, వేరియేటర్ వెనకాల తడి ఉంటే క్రాంకు సీలు. వెనక చక్రం పక్క, క్లచ్ బెల్ (క్లచ్ మీద ఉండే గిన్నె) వెనక తడి ఉంటే అది గేర్ ఆయిల్ సీలు, దాని కథ వేరు. వేలికి రాసుకుని వాసన చూడు, 90 నంబరు గేర్ ఆయిల్ అయితే గంధకం కంపు కొడుతుంది, టూటీ ఆయిల్ (పెట్రోల్‌లో కలిపే టూ స్ట్రోక్ ఆయిల్) అయితే పెట్రోల్ వాసన కలిసి ఉంటుంది.

ఖాయం చేసుకోవాలంటే ప్రెజర్ టెస్టు ఒకటుంది, ఇంట్లోనే చేయొచ్చు. నేను మా ఇంట్లో పాత బీపీ మిషన్ వాడతాను, గుండ్రటి డయల్ ఉన్నది, పాదరసం గొట్టం ఉన్నది కాదు. కార్బురేటర్ తీసేసి, అది బిగించి ఉన్న ఇంజన్ మూతికి రబ్బరు బిరడా కొట్టి అందులోంచి బీపీ మిషన్ ట్యూబు దింపు. సైలెన్సర్ తీసేసి ఆ పోర్టు మీద సైకిల్ ట్యూబు ముక్క, దాని మీద ఇనుప పట్టీ పెట్టి బోల్టులు బిగించు. ప్లగ్ ఉండనివ్వు, పిస్టన్ కిందికి దింపి పెట్టు. బల్బు నొక్కి 250 దగ్గర ఆపు, అంటే దగ్గర దగ్గర 5 పీఎస్ఐ. కొన్ని నిమిషాలు ముల్లు కదలకుండా నిలబడితే సీళ్లు బాగున్నట్టు. దిగిపోతుంటే వేరియేటర్, మాగ్నెటో (క్రాంకు రెండో చివరన కరెంటు పుట్టించే చక్రం) విప్పేసి సబ్బు నీళ్లు కొట్టి చూడు, బుడగలు ఎక్కడొస్తే దొంగ అక్కడున్నాడు. 300 దాటించకు.

వేరియేటర్ నట్టు విప్పేటప్పుడు ఫ్యాన్ రెక్కల మధ్య స్క్రూడ్రైవర్ దూర్చి ఆపడం మన వాళ్లకి అలవాటు, రెక్క విరిగిందంటే మళ్లీ దొరకదు. ప్లగ్ కన్నంలోంచి తాడు దూర్చి పిస్టన్ ఆపుతారు కొందరు, టూ స్ట్రోక్‌లో అది కూడా జాగ్రత్త, పిస్టన్ పైకొచ్చి పోర్టులు మూసుకున్నాకే దూర్చాలి, లేదంటే తాడు పోర్టులో ఇరుక్కుని తెగుతుంది. ఇవన్నీ వద్దనుకుంటే బండి తోసుకుని టైర్ల షాపుకి వెళ్లి ఎయిర్ గన్‌తో ఒక్క దెబ్బ వేయించుకో, ఐదు నిమిషాల పని. మాగ్నెటోకి మాత్రం పుల్లర్ (బిగించి బయటికి లాగే పనిముట్టు) కావాలి, సుత్తి ముట్టుకోకు.

ఇంకొకటి. ఐడిల్ అలా పెరుగుతున్నంత కాలం సెంటర్ స్టాండు మీద తప్ప స్టార్ట్ చేయకు. అది గేరు బండి కాదు న్యూట్రల్ ఉండటానికి. ఇంజన్ వేగం పెరిగితే క్లచ్ షూలు వాటంతట అవే బయటికి విచ్చుకుని బెల్‌ని పట్టుకుంటాయి, బండి గోడ మీదికి వెళ్తుంది. స్విచ్ ఆఫ్ చేసినా ఆగకపోతే కార్బురేటర్ మూతికి గుడ్డ అడ్డం పెట్టు.

గేరు రాముడు:

బీపీ మిషన్‌తో బండి టెస్టా! సెట్టు మార్చమన్న నా సలహా వెనక్కి తీసుకుంటున్నా.

కావలి కుర్రోడు:

అన్నా, చాలా థ్యాంక్స్. తడి ముందు పక్కే ఉంది, వాసన కూడా పెట్రోల్ వాసనే. ఇంకో సంగతి, సిలిండర్ మీద గాలి తోలే రేకు కవర్ విప్పితే లోపల ఎలక గూడు, మా చెల్లి టెన్త్ క్లాసు నోట్సు ముక్కలతో సహా. రోలర్లలో రెండు ఒక పక్కన అరిగి చదునుగా ఉన్నాయి. సీలు సైజు ఎలా తెలుసుకోవాలి? ఈ బండి పేరు చెబితే షాపుల్లో నవ్వుతున్నారు.

ఒంగోలు పాతబండ్లు:

బండి పేరు చెప్పకు, నంబరు చెప్పు. సీలు మొహం మీదే మూడు అంకెలు అచ్చు వేసి ఉంటాయి, లోపలి కొలత, బయటి కొలత, మందం. అవి పట్టుకుని స్పేర్ పార్ట్స్ షాపుకి కాదు, బేరింగుల షాపుకి వెళ్లు. నెల్లూరులో దొరికే అవకాశం ఎక్కువ, పెట్రోలు తగిలినా తట్టుకునే రకం అడుగు. బెల్టు మీద కూడా నంబరుంటుంది, రోలరుకి అయితే బయటి కొలత, వెడల్పు, గ్రాముల్లో బరువు. చదునైన రెండే మార్చకు, ఒక సెట్టు మొత్తం ఒకే బరువుతో ఉండాలి. అవి బయటికి జరిగితేనే ముందు పుల్లీ దగ్గరకొచ్చి బెల్టు పైకెక్కుతుంది, బండి స్పీడు అందుకుంటుంది. చదునుగా ఉన్నది జారక అక్కడే మొరాయిస్తుంది.

ఇక్కడ దొరక్కపోతే పొద్దున పినాకిని రైలెక్కి మద్రాసు పో, పాత బండ్ల సామాన్లు దొరికే పుదుపేట సెంట్రల్‌కి దగ్గరే. పాతది శాంపిల్ చేతిలో పెట్టుకుని పో, లేకపోతే వాళ్లు ఇచ్చిందే కైనెటిక్‌ది అని నమ్మాలి.

సీళ్లు తీశాక క్రాంకు చివర పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడు. ఊగితే బేరింగు పోయినట్టు, అప్పుడు సీలు ఒక్కటే మార్చి లాభం లేదు, ఇంజన్ దింపాల్సిందే.

రమణమ్మ, నెల్లూరు:

నేను ఈ బండి మీదే వేదాయపాళెం నుంచి ఆఫీసుకి పదకొండేళ్లు తిరిగాను బాబూ, చీర కట్టుకుని నడపడానికి నాకు కుదిరిన బండి అప్పట్లో అదే, అందుకే చదువుతూ ఆగలేకపోయాను. మెకానిజం గురించి ఆ అబ్బాయి చెప్పాడు. ట్యాంకు సంగతి ఎవరూ అడగలేదేంటి? అన్నేళ్లు నిలబడిన ట్యాంకులో తుప్పు లేకుండా ఉండదు, నువ్వు కడిగిన కార్బురేటర్ వారంలో మళ్లీ మూసుకుపోతుంది. మా ఆయన చేసే పద్ధతి చెబుతాను. చింతపండు బాగా నానబెట్టి పిసికి, గుడ్డలో వడకట్టి, ఆ పులుసు ట్యాంకు నిండా పోసి ఒక రోజు ఉంచాలి. గుప్పెడు చిన్న నట్లు లెక్కపెట్టి వేసి మధ్యమధ్యలో ఊపాలి (లెక్కపెట్టమన్నది ఎందుకంటే, తర్వాత ఒకటి లోపలే ఉండిపోయి మా బండి నెల రోజులు గలగలలాడింది). పారబోశాక వంట సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఎండలో ఆరిన వెంటనే కాస్త టూటీ ఆయిల్ పోసి లోపలంతా తిప్పాలి, లేదంటే మన గాలికి సాయంత్రానికి మళ్లీ ఎర్రబడుతుంది. పెట్రోల్ పైపు కూడా మార్చెయ్యి. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు కదా, ఆ కాలపు రబ్బరు దానికి ఉబ్బిపోతుంది.

ఆర్టీవో చుట్టూ తిరిగినోడు:

కాగితాల గురించి అడిగావు కదా. పెయింట్ కంటే ముందు ఇది చూసుకో బ్రదర్. పదిహేనేళ్ల తర్వాత ప్రతి ఐదేళ్లకీ రెన్యువల్ చేయించాలి, ఇరవై ఏళ్లు దాటిన టూవీలర్‌కి ఆ ఫీజు 2025 ఆగస్టులో 2,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ వేరే. అన్నిటికంటే ముఖ్యం, ఆలస్యమైన నెలలకి అదనపు ఫీజు పడుతుంది, నీది 2011 నుంచి. అది ఎంతవుతుందో కౌంటర్ దగ్గర లెక్క వేయించుకున్నాకే బండి మీద డబ్బు పెట్టు, లేకపోతే బండి కంటే బకాయి ఎక్కువై కూర్చుంటుంది.

వింటేజ్ కింద రాయించుకుందాం అనుకుంటే కుదరదు. 2021లో వచ్చిన రూలు ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటాలి, నీ బండికి 2041లో గానీ ఆ యోగం లేదు. పెయింట్ వేసేవాడికి చాసిస్ నంబరు ఉన్న చోట టేపు అంటించమని చెప్పు. లప్పం పూసి గీకి నున్నగా చేసేస్తారు, రేపు ఇన్‌స్పెక్టర్ పెన్సిల్ ప్రింటు తీస్తే అంకెలు రావు. నాకు తెలిసినాయన ఒకరు ఇలాగే ఆరు నెలలు తిరిగాడు.

కావలి కుర్రోడు:

మూడు వారాల తర్వాత వచ్చాను, ఏమనుకోకండి. బీపీ మిషన్ మా వీధిలో రిటైరైన కాంపౌండర్ గారి దగ్గర దొరికింది, ఎవరికి బాగోలేదు అని కంగారుగా అడిగారు, బండికి అంటే రెండు నిమిషాలు మాట్లాడలేదు. తర్వాత ఆయనే వచ్చి బల్బు నొక్కారు. ముల్లు 250 దగ్గర నిలబడలేదు, చూస్తుండగానే సున్నాకి వచ్చేసింది. సబ్బు నీళ్లు కొడితే వేరియేటర్ పక్క సీలు చుట్టూ నురగ. మాగ్నెటో పక్క కూడా సన్నగా బుడగలు.

క్రాంకు ఊగలేదు, బతికిపోయాను. ఒక సీలు నెల్లూరు బేరింగుల షాపులో దొరికింది, రెండోది, బెల్టు, రోలర్లు పుదుపేటలో. పాత సీలు బయటికి తీస్తుంటే బిస్కెట్‌లా విరిగింది. క్లచ్ మార్చలేదు, షూలని పెట్రోల్‌తో కడిగి ఎమ్రీ పేపర్ పట్టాను, బెల్ లోపల కూడా శుభ్రం చేశాను. లీటరుకి 20 మిల్లీ టూటీ ఆయిల్, మొదటి ట్యాంకుకి మాత్రం 30 కలిపాను. ఐడిల్ ఇప్పుడు పదిహేను నిమిషాలైనా ఒక్క తీరుగా ఉంది. పెయింట్ ఇంకా ముట్టుకోలేదు, ఆర్టీవో ఆఫీసుకి సోమవారం పోవాలి.

నిన్న సాయంత్రం ఇంటి వెనక ఖాళీ స్థలంలో నాన్న ఎక్కి రెండు రౌండ్లు వేశారు. ఏమంటారా అని చూస్తుంటే, దిగి స్టాండు వేసి, హారన్ మోగట్లేదు, అది చూడు అని లోపలికి వెళ్లిపోయారు. హారన్ దగ్గరకి కరెంటు వస్తోంది, అయినా మోగట్లేదు.

ఒంగోలు పాతబండ్లు:

హారన్ బోల్టు కింద తుప్పు గీకు. ఎర్త్ అందట్లేదేమో.