పింటరెస్ట్ కాకుండా డిజైన్ ఐడియాలు ఎక్కడ వెతుకుతారు?

నమస్తే అండీ. పెళ్లి కార్డులు, షాపుల పోస్టర్లు చేస్తుంటాను. పింటరెస్ట్ తెరిస్తే అందరికీ వచ్చేవే నాకూ వస్తున్నాయి: అదే లేత గులాబీ, అవే ఆకులు. విసుగొచ్చి రోడ్డు మీద కనిపించినవన్నీ ఫోన్‌లో ఫొటోలు తీస్తున్నా. లారీ వెనక చేత్తో రాసిన అక్షరాలు చూడండి, పసుపు మీద ఎరుపు, కింద నల్ల నీడ. ఒత్తుకు చోటు చాలకపోతే పెయింటర్ దాన్ని కాస్త పక్కకు జరిపి సర్దేస్తాడు. నా ఫాంట్లలోనేమో ఒత్తులు వెళ్లి కింది లైన్‌లోని గుడులకు తగులుతాయి, లైన్ స్పేసింగ్ పెంచితే పోస్టర్ బోసిపోతుంది. దీనికి మీరేం చేస్తారు?

ఇలా పోగేసినవి కాపీ కొట్టినట్టు లేకుండా పనిలోకి ఎలా తెస్తారు? చేర్యాల నకాషీ బొమ్మల్లో (తెలంగాణలో గుడ్డ మీద వేసే కథల చిత్రాలు) వెనక ఉండే ఎరుపు ఒక పోస్టర్‌లో వాడితే కస్టమర్ "మరీ గుడి కరపత్రంలా ఉంది" అన్నారు (నిజమే అనుకోండి).

పెడన వెళ్లి కలంకారీ అచ్చు దిమ్మెలు దగ్గర్నుంచి చూడాలని ఉంది. ఊరికే వెళ్తే చూడనిస్తారా, ముందే అడగాలా? ఫొటోలు రంగుల వారీగా దాచుకుంటారా, అక్షరాల వారీగానా? నా గ్యాలరీ అంతా కలగాపులగంగా ఉంది.